రాత్రంతా ఊరికే ఉన్న పీసీ 9 జీబీ తినేస్తోంది, ఎక్కడ వెతకాలి?

వేపకొమ్మ (ప్రశ్న)

విండోస్ 11 డెస్క్‌టాప్, నెలకు 800 జీబీ పరిమితి ఉన్న కనెక్షన్. ఇన్నాళ్లూ నెలకు 400 జీబీ అటూ ఇటూ అయ్యేది. ఈసారి 23వ రోజుకే 800 దాటి స్పీడు పడిపోయింది. కనెక్షన్ ఇచ్చినవాళ్ల పేజీలో రోజుకు సగటున 35 జీబీ కనిపిస్తోంది. గంటల లెక్క కూడా ఉంది: రాత్రి 11 నుంచి ఉదయం 6 లోపు, అందరూ పడుకున్నాక, 9 జీబీ పైనే పోతోంది.

ఇంట్లో ఉన్నవి ఈ పీసీ, రెండు ఫోన్లు, ఒక టీవీ. కెమెరాల్లాంటివి లేవు. పీసీ సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 9 దాకా ఆన్‌లోనే ఉంటుంది, అందులో ఒక వర్చువల్ మెషిన్ (పీసీ లోపల ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్) రాత్రంతా నడవాలి కాబట్టి. దానికి నెట్‌తో పని దాదాపు లేదు. ఈ నెల మొదట్లో పీసీని వైఫై నుంచి ల్యాన్ కేబుల్‌కి మార్చాను. అంతకుమించి కొత్తగా చేసిందేమీ లేదు.

ఇప్పటిదాకా చేసినవి: యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ (ఏమీ దొరకలేదు), వైఫై పాస్‌వర్డ్ మార్చడం, స్టార్టప్‌లో అక్కర్లేని యాప్స్ ఆపడం. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ పేజీ చూస్తే అన్నీ కలిపినా 40 జీబీ లేదు. మరి మిగతాది ఎటు పోయినట్టు? కనెక్షన్ వాళ్ల లెక్కే తప్పా, పీసీ సరిగా చూపించడం లేదా?

రాగితీగ

ఇక మీదట ఏదీ ఆపకండి, ముందు కొలవండి. ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోతే దొంగ దొరకడు, పనికొచ్చేవి మాత్రం మూతపడతాయి.

మీకు 40 జీబీ మాత్రమే కనిపించడానికి కారణం మీ పోస్టులోనే ఉంది. డేటా యూసేజ్ లెక్క ఒక్కో కనెక్షన్‌కి విడివిడిగా ఉంటుంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, డేటా యూసేజ్ వరకూ వెళ్లారు కదా, ఆ పేజీలో పైన ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. అందులో వైఫై ఎంచి ఉంటే మీరు చూసింది కేబుల్ పెట్టకముందు రోజుల లెక్క మాత్రమే. అక్కడ ఈథర్నెట్ (అంటే కేబుల్ కనెక్షన్) ఎంచి మళ్లీ చూడండి.

ఇక మీ రాత్రి లెక్క. 1 ఎంబీపీఎస్ (సెకనుకు పది లక్షల బిట్లు) ఆగకుండా గంట సేపు పారితే 450 ఎంబీ, రోజంతా పారితే 10.8 జీబీ. మీకు 7 గంటల్లో 9 జీబీ చిల్లర పోతోందంటే గంటకు సుమారు 1.3 జీబీ, అంటే దాదాపు 3 ఎంబీపీఎస్ నిలకడగా పారుతోందన్నమాట. అదే వేగం పీసీ ఆన్‌లో ఉన్న 16 గంటలకూ వేస్తే 21 జీబీ దాటుతుంది. మీ పాత వాడకం రోజుకు 13 జీబీ. రెండూ కలిపితే 35. మీరు చెప్పిన అంకెకి అతికినట్టు సరిపోతోంది, కాబట్టి కనెక్షన్ వాళ్ల లెక్క తప్పని నేననుకోను. పీసీ ఆన్‌లో ఉన్నంతసేపూ ఒకే వేగంతో నడుస్తున్న పని ఏదో ఉంది.

ఇప్పుడు తేలాల్సింది అది లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్నది. చాలామంది డౌన్‌లోడ్ ఒక్కటే చూస్తారు. పరిమితి ఉన్న కనెక్షన్లలో చాలావాటికి అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుంది.

స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో పైనున్న పట్టికలో ప్రతి ప్రాసెస్ ఎదురుగా సెండ్, రిసీవ్, టోటల్ అని మూడు కాలమ్స్ ఉంటాయి. టోటల్ మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకొస్తుంది. ఇక్కడ చాలామంది తడబడేది యూనిట్ల దగ్గర: రిసోర్స్ మానిటర్ చూపేది సెకనుకు బైట్లు, టాస్క్ మేనేజర్ చూపేది ఎంబీపీఎస్, అంటే బిట్లు. బైట్లను 8తో గుణిస్తేనే రెండూ కలుస్తాయి. మీరు వెతుకుతున్న 3 ఎంబీపీఎస్ అక్కడ సెకనుకు 3,75,000 బైట్ల చుట్టూ కనిపిస్తుంది. ఆ అంకెలు గత నిమిషం సగటు కాబట్టి తెరవగానే తేల్చేయకుండా రెండు మూడు నిమిషాలు ఉంచండి. బ్రౌజర్ మూసేసి, ఎవరూ వాడని వేళ చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది.

ఆ ప్రాసెస్ పక్కన టిక్ పెడితే కింది పట్టికలో అది ఏ అడ్రసులతో మాట్లాడుతోందో వస్తుంది. పేరు తెలియకపోయినా నడత చూసి పోల్చుకోవచ్చు:

అప్‌లోడ్ ఎక్కువ, అవతల ఒకటి రెండు అడ్రసులే ఉంటే క్లౌడ్ సింకో (పీసీలోని ఫోల్డర్‌కి నెట్‌లో ఎప్పటికప్పుడు కాపీ ఉంచేది), బ్యాకప్పో.
అప్‌లోడ్ ఎక్కువ, అవతల పదుల కొద్దీ అడ్రసులుంటే టోరెంట్ సీడింగ్ (దింపుకున్న ఫైళ్లను ఇతరులకు పంచడం), లేదా విండోస్ అప్‌డేట్లను ఇతర పీసీలకు పంచే డెలివరీ ఆప్టిమైజేషన్.
వచ్చినంతా పోతుంటే, అంటే రెండూ ఇంచుమించు సమానమైతే, మీ కనెక్షన్‌ని ఎవరో దారిగా వాడుకుంటున్నారని అనుమానించాలి. కొన్ని ఉచిత వీపీఎన్‌లు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వేరేవాళ్ల ట్రాఫిక్‌ని మీ పీసీ గుండా పంపిస్తాయి. యాంటీవైరస్ దీన్ని పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒప్పుకున్నది మీరే.
డౌన్‌లోడ్ ఒక్కసారిగా పెరిగి ఆగిపోతుంటే అప్‌డేట్లు.

వీపీఎన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: ఒకే డేటా బ్రౌజర్ ఎదురుగా ఒకసారి, వీపీఎన్ ప్రోగ్రామ్ ఎదురుగా ఇంకోసారి కనిపిస్తుంది. ఆ రెండూ కూడకండి.

చుక్కానిపట్టు

పైన చెప్పిన కొలత ఎలాగూ చేయాల్సిందే. దానితోపాటు కేబుల్‌కి మారినవాళ్లు మరిచిపోయే సెట్టింగ్ ఒకటి చెప్తాను. మీ వైఫైకి మీటర్డ్ కనెక్షన్ (ఈ కనెక్షన్‌లో డేటాకి పరిమితి ఉందని విండోస్‌కి చెప్పే స్విచ్) ఆన్ చేసి ఉండేదా? అది కంప్యూటర్ మొత్తానికి వర్తించదు, ఒక్కో నెట్‌వర్క్‌కి విడిగా పెట్టాలి. వైఫైకి ఆన్ చేసి ఉన్నా, కేబుల్ గుచ్చిన క్షణం నుంచి విండోస్ దృష్టిలో అది పరిమితి లేని కొత్త కనెక్షన్. అన్నాళ్లూ ఆగి ఉన్నవన్నీ ఒక్కసారి లేస్తాయి.

సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. ఆన్ చేశాక జరిగేది: విండోస్ అప్‌డేట్లు చాలావరకు తమంతట తాము దిగవు, స్టోర్ యాప్స్ అప్‌డేట్ కావు, వన్‌డ్రైవ్ సింక్ ఆగుతుంది. విండోస్ అప్‌డేట్ పేజీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మీటర్డ్ కనెక్షన్ మీద కూడా అప్‌డేట్లు దింపుకో అనే స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే పైన చేసింది సగం వృథా.

మీటర్డ్ ఆపలేనివి కూడా తెలుసుకోవాలి. బ్రౌజర్, టోరెంట్ ప్రోగ్రామ్, గేమ్ లాంచర్లు, బయటి కంపెనీల బ్యాకప్ ప్రోగ్రాముల్లో చాలా మటుకు ఆ సెట్టింగ్‌ని పట్టించుకోవు. వాటికి వాటి లోపలే పరిమితి పెట్టాలి. స్టీమ్‌లో సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్ కింద ఆటో అప్‌డేట్లకు వేళలు పెట్టొచ్చు, వేగానికి హద్దు పెట్టొచ్చు. ఇంట్లో రెండు పీసీల్లో ఒకే గేమ్ ఉంటే లోకల్ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఆప్షన్ ఆన్ చేయండి. రెండో పీసీ బయటినుంచి మళ్లీ దింపుకోదు. ఆడని గేమ్‌లు తీసేయడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే ఆడినా ఆడకపోయినా వాటి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. అందులో ఇంటర్నెట్‌లోని పీసీలు కూడా అని ఎంచి ఉంటే లోకల్ నెట్‌వర్క్‌లోని పీసీలు మాత్రమే అని మార్చండి. పూర్తిగా ఆఫ్ చేయమని చాలాచోట్ల రాస్తారు. ఇంట్లో రెండు మూడు విండోస్ పీసీలు ఉంటే అది నష్టమే, ఒకటి దింపుకున్న అప్‌డేట్‌ని మిగతావి దాని దగ్గరే తీసుకునే వీలు పోతుంది. అక్కడే యాక్టివిటీ మానిటర్‌లో ఈ నెల ఎంత అప్‌లోడ్ అయిందో చూపిస్తుంది. ఊహించనక్కర్లేదు, చూసి నిర్ణయించుకోండి.

ఒక్క జాగ్రత్త. మీటర్డ్ పెట్టి మరిచిపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా వెనకబడతాయి. మైక్రోసాఫ్ట్ వాటిని ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. ఆ వారంలో ఒకసారి అప్‌డేట్ పేజీ తెరిచి చేత్తో డౌన్‌లోడ్ నొక్కండి.

కొత్తచిగురు

విండోస్ అప్‌డేట్ ఫెయిలవుతూ మళ్లీ మళ్లీ దిగుతుంటే కూడా ఇలాగే అవుతుంది. విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్‌లోని డౌన్‌లోడ్ అంతా తుడిచేస్తే సరిపోతుంది. వారానికోసారి తుడిచినా మంచిదే.

చుక్కానిపట్టు

వారానికోసారి వద్దండి. ఆ ఫోల్డర్‌లో దింపుకుని ఇంకా ఇన్‌స్టాల్ కాని అప్‌డేట్లు కూడా ఉంటాయి. తుడిచారంటే అవన్నీ మళ్లీ మొదటినుంచి దింపుకుంటుంది. డేటా మిగుల్చుకోవడానికి చేసిన పని డేటాని ఖర్చు చేస్తుంది. అది నిజంగా పాడైపోయిన అప్‌డేట్‌కి ఒకసారి చేసే మరమ్మతు.

అలాంటి పరిస్థితి ఉందా అన్నది ముందు అప్‌డేట్ హిస్టరీలో చూడాలి. ఒకే కేబీ నంబరు (అప్‌డేట్ గుర్తింపు సంఖ్య) మూడు నాలుగు సార్లు ఫెయిల్డ్ అని ఉంటే అనుమానించొచ్చు. చాలాసార్లు అసలు కారణం సీ డ్రైవ్‌లో చోటు లేకపోవడమే. ముందు 20 జీబీ అయినా ఖాళీ చేసి రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ కాకపోతే విండోస్ అప్‌డేట్ సర్వీసు ఆపి, ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టండి. అయినా ఈ కేసులో నాకు అప్‌డేట్ల మీద అనుమానం తక్కువ. అవి ఏడు గంటలు ఒకే వేగంతో పారవు.

గట్టుమీదరాయి

పీసీనే దోషి అని ఖాయం చేసుకునే ముందు ఒక చిన్న పరీక్ష. ఒక రాత్రి పీసీ కేబుల్ తీసేసి మిగతావన్నీ మామూలుగా ఉంచండి. మర్నాడు గంటల లెక్క చూడండి. ఆ 9 జీబీ మాయమైతే పీసీయే. మాయం కాకపోతే ఇంకెక్కడో ఉంది, పీసీలో ఎంత వెతికినా దొరకదు. పది నిమిషాల్లో తేల్చుకోవాలని ఆ పేజీని రిఫ్రెష్ చేస్తూ కూర్చోకండి, చాలా కంపెనీల లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా ఎక్కుతుంది.

రౌటర్ పేజీలో కనిపించే ట్రాఫిక్ అంకెలను నమ్మేముందు రెండు విషయాలు చూసుకోండి. రౌటర్ రీస్టార్ట్ అయితే చాలావాటిలో అవి సున్నా అవుతాయి. పాత రకం రౌటర్లలో కౌంటర్ 32 బిట్లది, 429 కోట్ల చిల్లర బైట్ల దగ్గర, అంటే 4.29 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక రాత్రిలో 9 జీబీ పోతే అది రెండుసార్లు చుట్టు తిరిగి కేవలం 0.4 అని చూపిస్తుంది. రౌటర్ ప్రకారం ఏమీ పోలేదండీ అనే పోస్టుల్లో కొన్నింటికి కారణం ఇదే. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్‌లో సొంతంగా ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టుకోగల రౌటర్ అయితే ఏ పరికరం ఎంత వాడిందో విడివిడిగా రాసిపెట్టే ప్యాకేజీ ఉంది, ఒకసారి పెట్టుకుంటే ఇలాంటి ప్రశ్నలకు ఐదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది.

కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో తెలియని పేరు కనబడగానే పక్కవాళ్లు వాడేస్తున్నారని కంగారుపడకండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) దాచి కల్పిత అడ్రస్ చూపిస్తాయి. సెట్టింగ్ మార్చినా, నెట్‌వర్క్‌ని మరిచిపోయి మళ్లీ కలిపినా మీ ఫోనే కొత్త పరికరంలా కనిపించవచ్చు. ఎలాగూ పాస్‌వర్డ్ మార్చారు కాబట్టి డబ్ల్యుపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరే పద్ధతి) కూడా ఆపేయండి, ఆ తలుపు వేరే.

కెమెరాలు లేవన్నారు కాబట్టి మీకు అక్కర్లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం: 24 గంటలూ క్లౌడ్‌కి వీడియో పంపే ఒక్క కెమెరా 2 ఎంబీపీఎస్ వేగంతో నెలకు దాదాపు 650 జీబీ పంపుతుంది. కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డ్ అని మారిస్తే ఆ అంకె కుప్పకూలుతుంది.

వేపకొమ్మ

అందరికీ ధన్యవాదాలు. చేసి చూశాను.

నిన్న రాత్రి కేబుల్ తీసేస్తే 11 నుంచి 6 దాకా పోయింది 0.2 జీబీ. కాబట్టి పీసీయే.

డ్రాప్‌డౌన్‌లో నిజంగానే వైఫై ఎంచి ఉంది. ఈథర్నెట్‌కి మార్చితే పైనుంచి వరుసగా: నేను వాడే క్లౌడ్ సింక్ ప్రోగ్రామ్ 461 జీబీ, సిస్టమ్ 187 జీబీ, బ్రౌజర్ 118 జీబీ, మిగతావన్నీ చిల్లర.

రిసోర్స్ మానిటర్‌లో కూడా సింక్ ప్రోగ్రామే పైన ఉంది. సెండ్ 3,74,000 దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంది, రిసీవ్ చాలా తక్కువ. అవతల రెండే అడ్రసులు. ఆ ప్రోగ్రామ్‌లో అప్‌లోడ్‌కి 3 ఎంబీపీఎస్ హద్దు నేనే ఎప్పుడో పెట్టాను. వైఫైకి మీటర్డ్ ఆన్‌లో ఉన్న మాట కూడా నిజమే, అప్పుడు సింక్ ఆగి ఉండేది, అవసరమైనప్పుడు నేనే చేత్తో రెజ్యూమ్ నొక్కేవాణ్ణి.

అర్థం కానిది ఇదీ: నా సింక్ ఫోల్డర్ మొత్తం 95 జీబీ. 461 జీబీ ఎలా పంపింది? వెబ్‌లో చూస్తే అక్కడ చేరింది 35 జీబీయే. సిస్టమ్ అనే 187 జీబీ ఏమిటి? ఇంకో విషయం, మీటర్డ్ ఆన్ చేస్తే ఇదంతా ఆగుతుంది కానీ నాకు సింక్ కావాలి.

రాగితీగ

95లోంచి 35 తీస్తే 60 జీబీ. ఆ వర్చువల్ మెషిన్ డిస్క్ ఫైలు (దాని హార్డ్ డిస్క్ అంతా ఒకే ఫైలుగా ఉండేది) సింక్ అయ్యే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉందా? దాని సైజు 60 జీబీ చుట్టూ ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

వర్చువల్ మెషిన్ నడుస్తున్నంతసేపూ ఆ ఒక్క ఫైలులో ఎక్కడో ఒకచోట రాతలు జరుగుతూనే ఉంటాయి. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఒక చిన్న లాగ్ రాసినా బయట 60 జీబీ ఫైలు మారినట్టే. సింక్ ప్రోగ్రాముల్లో రెండు రకాలున్నాయి. మారిన ముక్కలను మాత్రమే పంపేవి కొన్ని, ఫైలు మారితే మొత్తం మళ్లీ పంపేవి కొన్ని. మీది రెండో రకంలా ఉంది. 60 జీబీని 3 ఎంబీపీఎస్ మీద పంపడానికి 44 గంటలు పైన కావాలి. మీ పీసీ రోజుకు 16 గంటలే ఆన్‌లో ఉంటుంది, అంటే దాదాపు మూడు రోజుల పని. ఈలోగా ఫైలు మారిపోతుంది, పంపిన సగం పనికిరాదు, మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే అవతల చేరింది 35 జీబీయే, ఇవతలినుంచి పోయింది 461. ఎప్పటికీ పూర్తి కాని అప్‌లోడ్ ఇది.

461 కూడా విండోస్ లెక్క. విండోస్ 1024 చొప్పున కొలిచి జీబీ అని రాస్తుంది, కనెక్షన్ కంపెనీలు సాధారణంగా 1000 చొప్పున కొలుస్తాయి. అదే డేటా వాళ్ల పేజీలో 495 జీబీ అవుతుంది. 23 రోజులకు రోజుకు 21.5. మొదట వేసిన లెక్కతో సరిపోయింది.

సరిచేయడం ఇలా. వర్చువల్ మెషిన్ పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్‌లో ఉంచొద్దు. సింక్ ప్రోగ్రామ్ పాజ్ చేయండి. డిస్క్ ఫైలు, దాని స్నాప్‌షాట్లు, కాన్ఫిగరేషన్ ఫైలు ఉన్న ఫోల్డర్‌ని సింక్ పరిధి బయటికి, వేరే డ్రైవ్‌లో అయితే ఇంకా మంచిది, తరలించండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఊరికే కట్ చేసి పేస్ట్ చేస్తే వర్చువల్ మెషిన్ ప్రోగ్రామ్‌కి పాత దారే గుర్తుండి తెరుచుకోదు. చాలావాటిలో మూవ్ అనే ఆప్షన్ లోపలే ఉంటుంది, దాన్నే వాడండి. తరలించాక మెషిన్ ఒకసారి ఆన్ చేసి సరిగా లేస్తోందని చూసుకుని, అప్పుడు సింక్ రెజ్యూమ్ చేయండి. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ లాంటి వాటిలో ఫోల్డర్‌ని సింక్ నుంచి మినహాయించే ఆప్షన్ ఉన్నా, ఇలాంటి ఫైలు అక్కడ ఉండకపోవడమే క్షేమం. కొన్నింటిలో మినహాయిస్తే ఇక్కడి కాపీ కూడా తీసేసి క్లౌడ్‌లో మాత్రమే ఉంచుతుంది.

ఇంకో మాట, ఇది డేటా కన్నా ముఖ్యమైనది. నడుస్తున్న వర్చువల్ మెషిన్ డిస్క్‌ని సింక్ చేస్తే వచ్చేది బ్యాకప్ కాదు. మొదటి భాగం పొద్దుటిది, చివరి భాగం రాత్రిది, రెండూ అతకవు. అవసరం పడినప్పుడు అది తెరుచుకోకపోవచ్చు. వారానికో నెలకో ఒకసారి మెషిన్ ఆపి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలుని వేరే డిస్క్‌లో పెట్టుకోండి. లోపల మీరు నిజంగా కాపాడుకోవాల్సింది కొద్ది ఫైళ్లే అయితే మెషిన్ లోపలినుంచి వాటిని మాత్రమే సింక్ చేసుకోండి, 60 జీబీ మాట 60 ఎంబీకి దిగుతుంది.

ఇదే గుణం ఉన్న ఫైళ్లు ఇంకా ఉన్నాయి, సింక్ ఫోల్డర్‌లో వెతికి చూడండి: అవుట్‌లుక్ మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైళ్లు, డేటాబేస్ ఫైళ్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన కంటెయినర్లు, వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాముల క్యాషె. పెద్దవి, తరచూ మారేవి, ఈ రెండు లక్షణాలూ కలిసిన ఏ ఫైలయినా అంతే. పెద్దదైనా మారని సినిమా ఫైలుతో ఏ ఇబ్బందీ లేదు, ఒకసారి పోతుంది, అంతటితో సరి.

సిస్టమ్ 187 జీబీ గురించి: ఇంట్లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఎక్కడికైనా కాపీ చేస్తున్నారా? విండోస్‌లో ఫైల్ షేరింగ్ పని కెర్నెల్ (విండోస్ మూలభాగం) లోపలే జరుగుతుంది కాబట్టి ఆ ట్రాఫిక్ అంతా సిస్టమ్ పేరు మీద రాసుకుంటుంది. డేటా యూసేజ్ పేజీ కేబుల్‌లో పారిన ప్రతి బైటునీ లెక్కపెడుతుంది, అది ఇంట్లోనే తిరిగిందా, బయటికి పోయిందా అని చూడదు.

వేపకొమ్మ

ఫైలు డాక్యుమెంట్స్‌లోనే ఉంది. సరిగ్గా 60.2 జీబీ. రౌటర్ వెనక యూఎస్‌బీకి ఒక హార్డ్ డిస్క్ పెట్టి ఉంది, పీసీ బ్యాకప్ దానికే వెళ్తుంది. 187 జీబీ అదే అయ్యుండాలి.

రాగితీగ

అదే. అది మీ పరిమితిలోంచి ఒక్క బైటు కూడా తినదు, పీసీ నుంచి రౌటర్ దాకా వెళ్లి ఆగిపోతుంది. దాన్ని ముట్టుకోకండి. ఖాయం చేసుకోవాలంటే బ్యాకప్ నడిచేటప్పుడు రిసోర్స్ మానిటర్‌లో సిస్టమ్ పక్కన టిక్ పెట్టండి, అవతలి అడ్రస్ రౌటర్‌ది, సాధారణంగా 192.168 తో మొదలయ్యేది, కనిపించాలి.

ఈథర్నెట్‌కి మీటర్డ్ ఇప్పుడు మీ ఇష్టం. సింక్ కావాలంటున్నారు కాబట్టి నేనైతే ఆఫ్‌లోనే ఉంచి డెలివరీ ఆప్టిమైజేషన్ ఒక్కటి లోకల్‌కి మారుస్తాను.

పొద్దుపొడుపు

ఇదే సమస్య, వేరే సిస్టమ్స్. మ్యాక్‌లో, లినక్స్‌లో ఈ కొలత ఎలా?

గట్టుమీదరాయి

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో సెంట్ బైట్స్ మీద నొక్కండి. అది ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి ఉన్న మొత్తం, నెలవారీ లెక్క కాదు. మీటర్డ్‌కి అక్కడ దగ్గరి పోలిక లో డేటా మోడ్, వెంచురా నుంచి వైఫై నెట్‌వర్క్ వివరాల్లో ఉంటుంది.

లినక్స్‌లో రెండు పనిముట్లు చాలు. వీఎన్‌స్టాట్ గంటకు, రోజుకు, నెలకు ఎంత వచ్చిందో పోయిందో రాసి దాచిపెడుతుంది, కానీ ఏ ప్రోగ్రామ్ అన్నది చెప్పదు. నెట్‌హాగ్స్ ప్రోగ్రామ్‌ల వారీగా చూపిస్తుంది, కానీ ఆ క్షణంలో జరుగుతున్నదే. మొదటిదానితో వేళ పట్టుకుని, ఆ వేళకి రెండోది తెరిచి కూర్చోవాలి. నెట్‌వర్క్ మేనేజర్‌లో కనెక్షన్‌ని మీటర్డ్‌గా గుర్తు పెట్టొచ్చు. ఉబుంటులో స్నాప్‌లు (ఒక రకం యాప్ ప్యాకేజీలు) రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్ల కోసం చూస్తాయి. మీటర్డ్ అయితే ఆగమని వాటికి విడిగా చెప్పాలి, స్నాప్ రిఫ్రెష్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

నీలిసిరా

అప్‌లోడ్ సంగతి తేలింది. మిగిలిన 118 జీబీ బ్రౌజర్‌ని కూడా తగ్గించుకోవాలంటే చూడాల్సింది వీడియో ఒక్కటే. ప్రకటనలు, బొమ్మలు, విడ్జెట్లు, టెలిమెట్రీ ఆపడం గురించి పేజీల కొద్దీ రాస్తారు, అన్నీ కలిపినా ఒక సాయంత్రం చూసిన వీడియోకి సరిరావు.

నెట్‌ఫ్లిక్స్ తన సహాయం పేజీలో ఇచ్చే లెక్క ఇలా ఉంటుంది: లో పెడితే గంటకు 0.3 జీబీ వరకు, మీడియం 0.7 వరకు, హెచ్‌డీ అయితే 3 వరకు, 4కే అయితే 7 వరకు. అకౌంట్‌లో ప్రొఫైల్ కింద ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, ఒక్కో ప్రొఫైల్‌కి విడిగా పెట్టాలి. అక్కడే తరువాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా ఆపండి. మానిటర్ 1080పీది అయినప్పుడు యూట్యూబ్‌లో 4కే ఎంచుకోవడం వల్ల వచ్చే తేడా కొద్దిగానే, పోయే డేటా మాత్రం కొన్ని రెట్లు.

పాటలు వినడానికి వీడియో సైట్ తెరిచి ట్యాబ్ పక్కన పెట్టేవాళ్లు క్వాలిటీ 144పీకి దించండి. బొమ్మ చూడటం లేదు కదా. 128 కేబీపీఎస్ ఆడియో ఒక్కటే అయితే గంటకు 58 ఎంబీ చాలు.

పాత కంప్యూటర్ వేడెక్కకుండా ఉండాలని యూట్యూబ్‌ని హెచ్.264 లోనే (వీపీ9 లాగే ఇదీ వీడియోని కుదించే ఒక పద్ధతి) ప్లే అయ్యేలా చేసే ఎక్స్‌టెన్షన్ కొందరు పెట్టుకుంటారు. ప్రాసెసర్‌కి అది హాయే, కానీ అదే నాణ్యతకి వీపీ9 కన్నా హెచ్.264కి డేటా ఎక్కువ పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు వీపీ9ని నేరుగా డీకోడ్ చేయగలిగితే దాన్ని తీసేయండి.

ఏ ట్యాబ్ తింటోందో తెలియకపోతే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, నెట్‌వర్క్ కాలమ్ చూడండి. ఎక్స్‌టెన్షన్లు కూడా అందులో విడిగా కనిపిస్తాయి. క్రోమ్, ఎడ్జ్ రెండింట్లోనూ సెట్టింగ్స్, సిస్టమ్‌లో బ్రౌజర్ మూశాక కూడా వెనక యాప్స్ నడవనివ్వు అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆఫ్ చేయండి.

వేపకొమ్మ

వర్చువల్ మెషిన్‌ని వేరే డ్రైవ్‌కి మార్చి మూడు రోజులైంది. సింక్ 35 జీబీ దగ్గర పూర్తయి అప్ టు డేట్ అని చూపిస్తోంది. రాత్రి 11 నుంచి 6 దాకా మూడు రోజుల లెక్క 0.3, 0.2, 0.3 జీబీ. రోజు మొత్తం 12 నుంచి 14 జీబీ.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. క్లౌడ్‌లో పాత వెర్షన్లూ, సగం చేరిన ముక్కలూ చోటు తింటున్నాయా?

రాగితీగ

సగంలో ఆగిన అప్‌లోడ్లు సాధారణంగా మీ కోటాలో కనిపించవు, కొన్నాళ్లకి సర్వర్ వాటిని తీసేస్తుంది. కేబుల్ పెట్టకముందు మీరు రెజ్యూమ్ నొక్కిన రోజుల్లో ఆ ఫైలు చిన్నదిగా ఉన్నప్పుడు ఎప్పుడైనా పూర్తిగా చేరి ఉంటే మాత్రం పాత వెర్షన్ ఉండొచ్చు. వెబ్‌లో ట్రాష్ తెరిచి సైజు ప్రకారం చూడండి, ఉంటే అక్కడే తీసేయండి, పీసీకి దింపనక్కర్లేదు.

డేటా యూసేజ్ పేజీలో రీసెట్ ఉంది. మీ బిల్లింగ్ నెల మొదలయ్యే రోజు ఈథర్నెట్ ఎంచి దాన్ని నొక్కండి, అప్పటినుంచి పీసీ లెక్కా కనెక్షన్ వాళ్ల లెక్కా ఒకే రోజున మొదలవుతాయి. పోల్చేటప్పుడు సిస్టమ్ పద్దు తీసేసి, మిగిలినదాన్ని 1.074తో గుణించండి.